రెండు స్థావరాలు, ఒక స్వగృహం

మా జిల్లా మంత్రిగారు పెట్టుబడుల కోసం పరాయి దేశం వెళ్లారు. పెట్టుబడులు దొరక్క ఒక సాయంత్రం ఖాళీగా ఉంటే, అక్కడివాళ్లు ఆయన్ను బేస్‌బాల్ మ్యాచ్‌కు తీసుకుపోయారు. ఆట ఒక్క ముక్క అర్థం కాలేదు. పక్క సీట్లోని పెద్దమనిషిని కదిలిస్తే, ఈ ఆటకింత పేరొచ్చింది ఆడేవాళ్ల వల్ల కాదు, దీని గురించి రాసిన మహానుభావుల వల్ల అని చెప్పాడట. ఆ మాట మంత్రిగారి మనసులో నాటుకుపోయింది. మన రాష్ట్రంలో బేస్‌బాల్ ఎందుకు ఎదగలేదో తిరుగు విమానంలోనే ఆయనకు తెలిసిపోయింది. రాసేవాళ్లు లేరు. ముందు రాసేవాళ్లను తయారుచేస్తే ఆట దానంతట అదే వస్తుంది.

అలా పుట్టింది రాష్ట్ర బేస్‌బాల్ మహారచయితల అభివృద్ధి మండలి. మంత్రిగారి సొంత ఊరు కాబట్టి ఆఫీసు మా ఊళ్లోనే పెట్టారు. పాత విత్తనాల గోడౌనుకు సున్నం కొట్టించి, ఫ్యాన్లు బిగించి, బోర్డు తగిలించారు. లోపల ఇప్పటికీ వేరుశనగ వాసన వస్తుంది. మహారచయితలకు అది మంచిదేనని, ఆకలి రచనకు ప్రాణమని ప్రారంభోత్సవంలో ఎవరో అన్నారు కూడా.

నేను ఒక దినపత్రిక జిల్లా పేజీకి ఆటల వార్తలు రాస్తుంటాను. పేరు రుద్రప్ప. ఆటలంటే నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. ఎవరు ఏది ఆడుతున్నా కాసేపు నిలబడి చూడకుండా ముందుకు పోలేను. ఎప్పుడో కాలేజీ పోటీల ఫలితాలు రాస్తూ, చివరి లైనులో బేస్‌బాల్ అనే మాట వాడానట. మండలివాళ్లు రాష్ట్రమంతా గాలిస్తే ఆ మాట అచ్చులో వాడినవాణ్ని నేనొక్కణ్నే దొరికాను. మా ఎడిటరు సంతోషంగా నన్ను డిప్యుటేషన్ మీద పంపించేశారు. ఆయన సంతోషానికి కారణాలు వేరే ఉన్నాయి, అవి ఇక్కడ అనవసరం.

మండలి అధ్యక్షులు ఆచార్య కొండూరు వరదాచార్యులు గారు. జీవితమంతా వ్యాకరణం బోధించి రిటైరయ్యారు. మెత్తని మనిషి, ఎవరినీ నువ్వు అని పిలవరు. ఆటల అనుభవం ఉందా అని మంత్రిగారు అడిగితే, చిన్నప్పుడు గోళీలాట చూశానని, అదీ దూరం నుంచేనని నిజాయితీగా చెప్పారట. సభ్య కార్యదర్శి పెంచలయ్య గారు. ఎవరు ఏ మాటన్నా దాన్ని సాయంత్రంలోపు సర్క్యులర్‌గా మార్చగల శక్తిమంతుడు. ఈ ఇద్దరి కలయికే కొంప ముంచింది.

మొదటి సదస్సు, మహారచయిత లక్షణాలేమిటి అన్న విషయం మీద. నేను లేచి, ఆటను శ్రద్ధగా చూడటం మొదటి లక్షణమేమోనని అన్నాను. సభ మొత్తం నావైపు జాలిగా చూసింది. ఆచార్యుల వారు చిరునవ్వు నవ్వి, ఎంతో దయగా వివరించారు.

"చూచినవాడు సాక్షి అవుతాడు నాయనా. సాక్షి వేరు, రచయిత వేరు. కంటితో చూస్తే ఏదో ఒక పక్షం మీద మమకారం పుడుతుంది. మమకారం పుట్టిన చోట నిష్పాక్షికత నశిస్తుంది. కనుక మహారచయిత ఆటను చూడరాదు."

అందరూ చప్పట్లు కొట్టారు. నాకు కూడా ఒక్క క్షణం నిజమే కదా అనిపించింది. పెంచలయ్య గారు సాయంత్రానికల్లా సర్క్యులర్ తెచ్చారు. మండలి గుర్తింపు పొందిన రచయితలు ఎట్టి పరిస్థితులలోను ఆటను ప్రత్యక్షంగా గాని పరోక్షంగా గాని చూడరాదు. పరోక్షంగా చూడటమంటే ఏమిటని అడిగాను. ఆటగాళ్ల నీడలు చూడటమని చెప్పారు.

రెండో లక్షణం భాష. మహారచయిత పరాయి మాట వాడకూడదు కాబట్టి ఆటలోని ప్రతి మాటకూ తెలుగు కావాలి. ఈ పని మొదట ఎవరో కుర్ర అనువాదకుడికి అప్పగిస్తే, అతను నిఘంటువు ముందు పెట్టుకుని బ్యాట్‌కు గబ్బిలమని, బంతి విసిరే పిచర్‌కు కూజా అని, స్ట్రైక్‌కు సమ్మె అని రాసుకొచ్చాడు. ఆటగాడు మూడు సమ్మెలు చేస్తే బయటికి పంపుతారన్న వాక్యం చూసి కార్మిక శాఖ వాళ్లు కబురు పెట్టారు. దాంతో ఆచార్యుల వారే నడుం బిగించారు. బ్యాట్ దండం అయింది. బంతి కందుకం. పిచర్ క్షేపకుడు. అవుటైనవాడు బహిష్కృతుడు. విసిరిన బంతిని వెనక కూర్చుని పట్టుకునే క్యాచర్‌కు ఆయన ఎంతో ఆలోచించి పట్టుదారు అని పెట్టారు. ఆటగాళ్లు పరుగెత్తి చేరుకోవలసిన బేస్ స్థావరం అయింది. పరుగు మొదలై తిరిగి ముగిసే నాలుగో చోటు ఉంటుంది, ఇంగ్లీషులో దాన్ని హోమ్ అంటారు. అది స్వగృహం.

మంచి మాటలే. విడివిడిగా చూస్తే ఒక్కదానికీ వంక పెట్టలేం.

ఇంతవరకు ఎవరికీ ఏ నష్టమూ లేదు. నష్టం జీవో రూపంలో వచ్చింది. రచయితల వల్లే ఆట గొప్పదవుతుందన్నది ప్రభుత్వ విధానం కాబట్టి, మండలి రచయిత వర్ణించని ఆటకు విలువ లేదని పెంచలయ్య గారు పైకి రాశారు. పైవాళ్లు ఇంకొంచెం పదునుపెట్టి కిందికి పంపారు. రాయబడని ఆట ఆడబడనట్లుగానే పరిగణించబడును. క్రీడా కోటాలో ఉద్యోగం కోరే బేస్‌బాల్ క్రీడాకారులు ఇకమీదట సర్టిఫికెట్‌తో పాటు మండలి రచయిత వర్ణన కూడా జతపరచాలి. మండలి రచయితంటే ఆ నాటికి నేనొక్కణ్నే.

ఈ జీవో వచ్చిన వారానికి ఒక అమ్మాయి నన్ను వెతుక్కుంటూ గోడౌనుకు వచ్చింది. పేరు వన్నూరమ్మ. ఉరవకొండ అవతల ఏదో పల్లె. చిన్నప్పుడు పొద్దుతిరుగుడు చేను మీద వాలే చిలకల్ని రాళ్లతో తోలి తోలి చేయి తిరిగిందట. కాలేజీలో డ్రిల్లు సారు ఆ చేయి చూసి బేస్‌బాల్ జట్టులో చేర్చాడు. చేతికన్నా కాళ్లు చురుకని తర్వాత తెలిసింది. కానిస్టేబుల్ ఉద్యోగానికి రాత పరీక్ష అయింది, పరుగు పందెం అయింది, క్రీడా కోటా ఒక్కటే మిగిలింది. ఈసారి తప్పితే వయసు దాటిపోతుంది.

"ఆదివారం మన కాలేజీ గ్రౌండులోనే జిల్లాల ఫైనలన్నా. ఈసారి దగ్గరుండి చూసి బాగా రాయి. నా ఉద్యోగమంతా నీ రాతలోనే ఉండాది" అంది.

చూడకూడదమ్మా, రూలు ఒప్పుకోదు అన్నాను.

"చూడకుండా ఎట్ల రాస్తావన్నా?"

అదే మహారచయిత లక్షణమట అని చెప్పాను. ఆ పిల్ల నా ముఖంలోకి కాసేపు చూసింది. తర్వాత గొంతు తగ్గించి, మెల్లగా అడిగింది.

"మీ ఆఫీసులో అందరూ బాగానే ఉండారా అన్నా?"

 టీ తెప్పించాను.

ఆదివారం మైదానం అంచున మండలి తరఫున షామియానా వేశారు. నాలుగు వైపులా పరదాలు దించి, లోపల నా కుర్చీని కాలేజీ ప్రహరీ గోడవైపు తిప్పి వేశారు. ఏదైనా జరిగినప్పుడు అటెండరు వచ్చి, ఏదో జరిగింది సార్ అని చెప్పిపోతాడు. ఏం జరిగిందో చెప్పడు, చెబితే అది పరోక్ష వీక్షణం కిందికి వస్తుంది. ఆచార్యుల వారు నా పక్కనే ఇంకో కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చున్నారు. కాసేపటికి ఆయనకు కునుకు పట్టింది. నేను పరదాకున్న చిరుగు దగ్గరికి చేరాను. లోకంలో ఏ ఉద్యోగమైనా ఇస్తానన్నా ఆ చిరుగు దగ్గర నుంచి నేను కదిలేవాణ్ని కాదు.

ఆటలో ఒక తమాషా ఉంది. బేస్ మీద నిలబడ్డ మనిషి, బంతి విసిరే మనిషి కాస్త ఏమరుపాటుగా ఉంటే చాలు, కొట్టేవాళ్ల సాయం లేకుండానే పక్క బేస్‌కు పరుగు తీయవచ్చు. దాన్ని ఇంగ్లీషులో స్టీల్ చేయడమంటారు. ఒకటి చేస్తేనే గొప్ప. వన్నూరమ్మ మొదటి బేస్ చేరి, అక్కడి నుంచి రెండోది చేసింది, మూడోది చేసింది. చివరికి పొరుగు జిల్లా క్యాచర్ ముందు దుమ్ములో జారుకుంటూ పోయి హోమ్ కూడా చేసింది. మా జిల్లా గెలిచింది. నేను గట్టిగా అరిచాను. ఆచార్యుల వారు ఉలిక్కిపడి లేచి ఏమైంది నాయనా అన్నారు. దోమ కుట్టిందని చెప్పాను.

ఆ రోజే వార్త రాసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన ఎర్ర పెన్నుతో రెండు రోజులు కూర్చున్నారు. అపహరించెను అన్న మాట చూసి, దీనికి ఊళ్లో వేరే అర్థముందండీ అన్నాను. ఊరి అర్థాలకు మనం బాధ్యులం కాము నాయనా అన్నారు. వార్త నా పేరుతో, నా సంతకంతో, మండలి ముద్రతో ఇలా వెలువడింది.

"వన్నూరమ్మ యను నారీమణి కందుకమును దండముతో తాడించి, అచటనే దండము పెట్టి, ప్రథమ స్థావరమునకు పరుగిడెను. అటుపై అదను చూచి ద్వితీయ, తృతీయ స్థావరములను వెంటవెంట అపహరించెను. తుదకు పట్టుదారు కన్నులయెదుటనే స్వగృహమును సైతము అపహరించి, ధూళిధూసరితయై జయజయధ్వానముల నడుమ లేచి నిలిచెను. ప్రత్యర్థి వర్గమున ఎల్లరును బహిష్కృతులైరి."

కాగితాలన్నీ జతచేసి వన్నూరమ్మ పోలీసు శాఖకు పంపుకుంది. పది రోజుల తర్వాత స్టేషన్ నుంచి నాకు ఫోనొచ్చింది.

ఉద్యోగం ఇచ్చే ముందు మనిషి మీద ఏవైనా కేసులున్నాయా అని విచారించడం పోలీసుల పద్ధతి. ఆ విచారణ మా ఊరి ఇన్‌స్పెక్టరు రంగస్వామి గారికి వచ్చింది. నేను వెళ్లేసరికి వన్నూరమ్మ బల్ల మీద ముడుచుకుని కూర్చుని ఉంది. ఇన్‌స్పెక్టరు నా వర్ణన ముందు పెట్టుకుని, కింద గీతలు గీసుకుంటూ చదువుతున్నారు.

"రెండు స్థావరాలు, ఒక సొంతిల్లు. అదీ ఒకే పూట" అన్నారు వన్నూరమ్మ వైపు చూసి. "మా పాత కేసుగాళ్లు కూడా పూటకొకటే చేస్తారమ్మా. పైగా చేసేముందు దండం పెట్టినావంట."

స్థిరాస్తిని స్థావరాస్తి అనడం రిజిస్ట్రారు ఆఫీసు గుమ్మం తొక్కిన ప్రతివాడికీ తెలుసు. నేను నీళ్లు నములుతూ, ఇది ఆట సార్, ఇంగ్లీషులో దీన్ని స్టీల్ అంటారు అని వివరించబోయాను. స్టీల్ అంటే తెలుగులో ఏమిటని ఆయన అడిగారు. దొంగతనం అన్నాను. రెండు భాషల్లోనూ అదే గదప్పా, ఇంక దాంట్లో మాట్లాడేదేముంది అన్నారు. ఇంతకూ ఆ పట్టాదారు ఎవరు, ఫిర్యాదు ఇచ్చాడా అని అడిగారు. పట్టాదారు కాదు సార్, పట్టుదారు అన్నాను. దీర్ఘం పోయింది, అచ్చుతప్పు, అది మేం సరిచేసుకుంటాం అని ఆయనే పెన్నుతో దీర్ఘమిచ్చారు.

భూమి సంగతి కాబట్టి ఫైలు తహసీల్దారుకు పంపించారు. అది తేలేదాకా ఉద్యోగం ఆపేశారు.

స్టేషన్ బయట వన్నూరమ్మ ఏడవలేదు. చెట్టు నీడన నిలబడి చెప్పు కాలితో మట్టిని కెలుకుతూ ఉంది. మా నాయన ఊళ్లో అందరికీ చెప్పుకున్నాడన్నా, పాప పోలీసు అవుతుందని, ఇప్పుడు పోలీసోళ్లే ఇంటికొస్తే ఏం చెప్తాడు అంది. నాకు తల ఎత్తుకోవడానికి లేకపోయింది. ఆ రాత నా పేరు మీద ఉంది.

నేరుగా పెంచలయ్య గారి దగ్గరికి పోయి, సవరణ ప్రకటన ఇద్దామన్నాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, వేళ్లు ఒకదానిలో ఒకటి జొనిపి, చాలా ఓపికగా నాకు నచ్చజెప్పారు.

"మహారచయిత తప్పు రాయడు. రాశాడని ఒప్పుకుంటే అతను మహారచయిత కాడు. కాకపోతే ఆ ఆట రాయబడనట్లు. రాయబడకపోతే జీవో ప్రకారం ఆడబడనట్లు. ఆడబడకపోతే ఆ అమ్మాయికి క్రీడా కోటాయే లేదు. ప్రస్తుత పరిస్థితుల్లో దొంగగా కొనసాగడమే ఆమెకు శ్రేయస్కరం."

నేను ఎంత ఆలోచించినా ఇందులో తప్పు ఎక్కడుందో పట్టుకోలేకపోయాను. తప్పు దొరకని మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ వారంలో తహసీల్దారు అనసూయమ్మ గారు సర్వేయరును, గొలుసును వెంటబెట్టుకుని కాలేజీ మైదానానికి వచ్చారు. చురుకైన మనిషి. ఆక్రమణకు గురైన స్థావరాలు చూపించమన్నారు. డ్రిల్లు సారు గోనెసంచులంత మెత్తలు మూడు తెచ్చి నేల మీద పరిచాడు. ఆవిడ వాటిని చుట్టూ తిరిగి చూసి, విస్తీర్ణం ఇంతేనా అన్నారు. గొలుసు విప్పాల్సిన పని కూడా లేకపోయింది. మనిషి సరిగ్గా కాళ్లు చాపుకోవడానికి చాలని జాగాను ఆక్రమించుకోవాలంటే ఎంత కక్కుర్తి ఉండాలని ఆవిడ వన్నూరమ్మ ముఖాన్నే అడిగారు. స్వగృహం దగ్గరికి వచ్చేసరికి సర్వేయరు ముక్కున వేలేసుకున్నాడు. హోమ్ అని నేల మీద పరిచిన ఆ పలకకు ఐదు మూలలున్నాయి. ఐదు మూలల ఇల్లు ఎవరికీ అచ్చిరాదని, ఆ పట్టాదారుకు ఇల్లు పోయిందంటే పోదా అని అన్నాడు.

పట్టాదారు వాంగ్మూలం కావాలి కాబట్టి పొరుగు జిల్లా క్యాచర్‌కు ఫోను చేశారు. ఆ రోజు మీ కళ్లెదుటే పోయిన స్వగృహం మీ పేరు మీదే ఉందా అని తహసీల్దారు గారు అడిగారు.  అవతల ఆ అమ్మాయి, మాకు సొంతిల్లు లేదు మేడమ్, బాడుగింట్లో ఉంటాం అందట. పోయాక ఇంకెక్కడుంటుంది పాపం అని తహసీల్దారు గారు నిట్టూర్చి, అదే రాసుకున్నారు.

ఇక నేరం జరిగిన తీరు తేల్చాలి. నిందితురాలి చేత జరిగింది జరిగినట్టు చేయించి చూడటం ఒక పోలీసు పద్ధతి. రంగస్వామి గారు దానికి ఏర్పాట్లు చేశారు. మొదటి బేస్ తప్ప మిగతా రెండింటి దగ్గరా ఒక్కో కానిస్టేబుల్‌ను, స్వగృహం ముందు పట్టాదారు స్థానంలో భారీ విగ్రహంతో ఒక హెడ్ కానిస్టేబుల్‌ను నిలబెట్టారు. బంతి విసరడానికి ఇంకొకడు. ఈ సారి వదలగూడదు, ఎట్లనన్నా పట్టుకోండి అని వాళ్లకు గట్టిగా చెప్పారు.

ఇది కూడా ఒక రకంగా బేస్‌బాలే కాబట్టి, రాయకపోతే జరగనట్లవుతుంది. అందుకని మండలి మొత్తం దిగింది. ఆచార్యుల వారు నియమం తప్పకుండా అద్దాలకు నల్ల కాగితం అంటించిన జీపులో కూర్చున్నారు. పెంచలయ్య గారు నా కుర్చీని మైదానానికి వీపు పెట్టి వేయించారు. ఇన్‌స్పెక్టరు వచ్చి ఆ కుర్చీని ఇటు తిప్పేశారు.

"పంచనామా రాసేటోడు కండ్లారా చూడల్ల. చూడకపోతే నువ్వు సాక్షివి గావు" అన్నారు.

చూస్తే ఇతను రచయిత కాడని పెంచలయ్య గారు గుర్తుచేశారు. ఇద్దరూ కుర్చీ చెరో చేయీ పట్టుకున్నారు. నేను కుర్చీ వదిలేసి లేచి నిలబడ్డాను. మైదానం వైపు తిరిగి, చూస్తాను సార్ అన్నాను. ఆ ముక్కతో నా ఉద్యోగం పోయిందని నాకు తెలుసు. భయమేమీ వేయలేదు, హాయిగానే ఉంది.

వన్నూరమ్మ మొదటి బేస్ మీద నిలబడి చున్నీని నడుముకు బిగించుకుంది. ముఖంలో ఏ భావమూ లేదు. ఇది నేరమో ఆటో ఆ క్షణంలో ఆ పిల్ల మరిచిపోయిందనే అనుకుంటాను. తర్వాత జరిగింది నేను అక్కడికక్కడే, జీపు బానెట్ మీద కాగితం పెట్టుకుని రాశాను. దిద్దడానికి జీపు లోపలి నుంచి ఎర్ర పెన్ను బయటికొచ్చింది గాని, పంచనామా దిద్దితే కేసు పోతుందని ఇన్‌స్పెక్టరు ఆ చేతిని మర్యాదగా లోపలికి తోసేశారు. రాసింది ఇదీ.

"వన్నూరమ్మ మొదటి బేస్ మీద నిలబడింది. బంతి చేతిలో ఉన్న కానిస్టేబుల్ తుమ్మడానికి తల తిప్పాడు. ఆమె పరుగెత్తింది. రెండో బేస్ దగ్గరి కానిస్టేబుల్ చేతులు చాపేసరికి ఆమె మూడో బేస్ దారిలో ఉంది. మూడో బేస్ దగ్గరి అతను ఆమెను పట్టుకోబోయి తన టోపీని పట్టుకున్నాడు. చివరి బేస్‌కు హెడ్ కానిస్టేబుల్ అడ్డంగా కూర్చున్నాడు. ఆమె వేగం తగ్గించలేదు. దుమ్ములో పక్కకు వాలి, ఆయన మోకాలి పక్క సందులోంచి కాలు పోనిచ్చి బేస్ తాకింది. ఎవరూ ఆమెను పట్టుకోలేకపోయారు. అక్కడున్న మేమందరం చప్పట్లు కొట్టాం, తహసీల్దారు గారితో సహా."

నిజానికి తహసీల్దారు గారు ఈల కూడా వేశారు. ఆడ ఆఫీసరు కదా అని అది రాయలేదు.

ఇన్‌స్పెక్టరు రంగస్వామి గారు కాగితం తీసుకుని పైకి చదవడం మొదలుపెట్టారు. చివరి వాక్యాలకు వచ్చేసరికి గొంతు తగ్గింది. ఎవరూ ఆమెను పట్టుకోలేకపోయారు అన్నచోట ఆగిపోయారు. మళ్లీ చదువుకున్నారు. టోపీ తీసి తల తుడుచుకున్నారు.

"ఇది పైకి పోతే ఏమవుతాదో తెలుసా రుద్రప్పా? నా కండ్ల ముందు, పట్టపగలు, నలుగురు పోలీసులుండి కూడా నిందితురాలు దొరకలేదని నువ్వు రాసి నేను సంతకం పెట్టినట్టు. నలుగురినీ సస్పెండ్ చేస్తారు. ఐదోవాణ్ని నేను."

మాట మార్చి రాయమని బతిమాలతారేమో అనుకున్నాను. ఆయన అంతకన్నా తెలివైనవారు. మైదానం మధ్యలో బట్టలు దులుపుకుంటున్న వన్నూరమ్మ వైపు చాలాసేపు చూశారు. హెడ్ కానిస్టేబుల్‌ను ఇద్దరు పట్టి లేపుతున్నారు. నిందితురాలు పోలీసుల నుంచి తప్పించుకుంటే అది శాఖకు మచ్చ. కానిస్టేబుల్ అభ్యర్థిని మిగతా కానిస్టేబుళ్లకన్నా వేగంగా పరుగెత్తితే అది శిక్షణలో ప్రతిభ. జరిగింది ఒకటే, తేడా అంతా మనిషి ఎటువైపున్నదన్న దాంట్లోనే ఉంది. ఆయన పెన్ను తీసి, ఫైలు మీద నిందితురాలు అని ఉన్న ప్రతిచోటా కొట్టేసి, అభ్యర్థిని అని రాశారు.

తహసీల్దారు గారు కూడా ఒప్పుకున్నారు. తాకి వదిలేసిన స్థావరాన్ని ఆక్రమణ అనలేమని, మెత్తలు మూడూ, పలకా డ్రిల్లు సారు స్వాధీనంలోనే ఉన్నాయని రాసి ఫైలు మూసేశారు. ఐదు మూలల పలకను మాత్రం నాలుగు మూలలుగా కోయించుకోమని సర్వేయరు సలహా ఇచ్చాడు.

వన్నూరమ్మకు ఉద్యోగం ఉత్తర్వులు వచ్చేశాయి. నాక్కూడా వచ్చాయి. కళ్లారా చూసినందుకు, బేస్ అన్న పరాయి మాట పదేపదే వాడినందుకు నా గుర్తింపు రద్దయింది. ఆ ఏటి మహారచయిత బిరుదు మా జిల్లా మొహమే చూడని ఒక పెద్దమనిషికి వెళ్లింది. ఆయన అంత దూరంలో ఉండటమే నిష్పాక్షికతకు పరాకాష్ఠ అని ప్రశంసాపత్రంలో రాశారు.

నేను బీరువాలో నా కాగితాలు సర్దుకుంటుండగా వన్నూరమ్మ వచ్చింది. ఖాకీ చొక్కాకు ఇంకా గంజి వాసన పోలేదు. శిక్షణకు పోతూ చెప్పిపోదామని వచ్చానంది. నేను రాసిన పంచనామా నకలు ఇన్‌స్పెక్టరును అడిగి తీసుకుందట, వాళ్ల నాయనకు చదివి వినిపించిందట. ఆయన మళ్లీ మళ్లీ చదివించుకున్నాడట.

"నేను పరిగెత్తేటప్పుడు నాకేమీ కనపడదన్నా. నువ్వు రాసింది చదివితే నన్ను నేను చూసినట్టుండాది" అంది.

 పదిహేనేళ్లుగా ఆటల పేజీ రాస్తున్నాను, ఆ మాట ఎవరూ అనలేదు. కూర్చోమ్మా, టీ తాగు అన్నాను.

ఆచార్యుల వారు లోపలి గదిలోంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. ఎప్పటి నుంచి వింటున్నారో తెలియదు. చేతిలో ఎర్ర పెన్ను లేదు. పెంచలయ్య గారు దగ్గర్లో లేరని అటూ ఇటూ చూసుకుని, వన్నూరమ్మ దగ్గరికి వచ్చి చిన్నపిల్లాడిలా గొంతు తగ్గించారు.

"అమ్మా, ఆ రోజు నేను జీపులో ఉండిపోయాను. చప్పట్లు విన్నాను కాని చూడలేదు. మీకు తీరిక ఉంటే, ఎవరూ లేనప్పుడు, ఆ స్వగృహాన్ని ఒక్కసారి మళ్లీ అపహరిస్తారా? నేను పరదా లేకుండా కూర్చుంటాను."

వన్నూరమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. లేచి చొక్కా సర్దుకుంది.

"నేనిప్పుడు పోలీసును గద సార్" అంది. "దొంగతనాలు చెయ్యగూడదు."